ప్రామాణిక జివ్వు

ప్రమాణాల మండలి కమిషనరు గారు ఏదో సదస్సుకు వెళ్ళి, మూడు రోజులు అక్కడి భోజనం తిని, ఒక గొప్ప సత్యంతో తిరిగొచ్చారు. ప్రజలు ఒక కార్యాలయాన్ని దాని పనిని బట్టి కొలవరు, అందులో ఉద్యోగుల నవ్వును బట్టి కొలుస్తారు అన్నదే ఆ సత్యం. పనిని బట్టి కొలవరన్న మాట చెవిన పడగానే మండలిలో చాలామందికి గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆ బరువు ఎటూ పోలేదని, పళ్ళ మీదికి మారిందని వారం తిరిగాక సర్క్యులరు వస్తేగానీ తెలియలేదు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, చిరునవ్వు మహోద్యమంలో భాగంగా ప్రతి ఉద్యోగీ తన దంతములను పదిహేను దినములలోగా వైద్యునిచే శుభ్రము చేయించి, మెరుగు పెట్టించి, ధ్రువపత్రమును విధిగా దాఖలు చేయవలెను. గడువు దాటిన యెడల సదరు ఉద్యోగి కొండమీది ఉపకార్యాలయమునకు బదిలీ చేయబడును."

గోదావరి ఒడ్డున ఉన్న ప్రాంతీయ కార్యాలయంలో ఈ కాగితాన్ని పద్దెనిమిది మంది చదివారు. పదిహేడు మంది నాలుకతో పళ్ళు తడుముకున్నారు. పద్దెనిమిదో మనిషి, సీనియర్ ఇనస్పెక్టరు మట్టపర్తి సోమలింగం, నోరు గట్టిగా మూసుకున్నాడు. ఎందుకంటే ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటి కూడా లేదు.

ఈ సోమలింగం సామాన్యుడు కాదు. ఆ కార్యాలయం పనల్లా కొట్లలోనూ సంతల్లోనూ తూకం రాళ్ళు, కాటాలు, నూనె కొలిచే డబ్బాలు పరీక్షించడం. సరిగ్గా ఉన్నవాటి మీద ముద్ర కొట్టడం, తప్పుగా ఉన్నవాటి మీద ఇంటూ గుర్తు కొట్టి అవతల పడేయడం. ముప్పై రెండేళ్ళుగా సోమలింగం ఆ పని చేస్తున్నాడు. ఒక్క దొంగ రాయికి కూడా ఆయన చేతి ముద్ర పడలేదు. ఆయన సంతలోకి వస్తున్నాడంటే ఉల్లిపాయల వాళ్ళు కాటా కింద అంటించిన చింతపండు ముద్ద గబగబా పీకేసేవారు. ఆయనకున్న ఆస్తి అదే, ఆ పేరు.

పళ్ళ సంగతికొస్తే, పదకొండేళ్ళ క్రితం చిగుళ్ళ జబ్బు వచ్చి వరసగా అన్నీ ఊడిపోయాయి. సెలవు పెట్టి, ఏటి అవతల ఊళ్ళో పై సెట్టూ కింది సెట్టూ కట్టించుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి డ్యూటీలో చేరాడు. ఆ సంగతి కట్టినవాడికీ, భార్య కనకరత్నానికీ తప్ప మరో ప్రాణికి తెలియదు. పళ్ళు లేని ఇనస్పెక్టరంటే సంతలో ఎవడికి భయం ఉంటుందని ఆయన బెంగ. మనిషి ధైర్యవంతుడే కానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం నోట్లో వేలు పెడితే కొరకలేని రకం. అది ఎంత అక్షరాలా నిజమో ఊరికి తెలియదు.

మూడోనాడే ఊళ్ళో పళ్ళ డాక్టరు ప్రసూన దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ లైటు వేసి, నోట్లోకి చూసి, లైటు ఆర్పేసింది.

"ఇందులో నేను శుభ్రం చెయ్యడానికి ఏవుందండీ? తీసిటివ్వండి, కడిగిచ్చేస్తాను."

"నెమ్మదిగా అమ్మా. బయట మావాళ్ళున్నారు."

"నేనెవరికీ చెప్పనండి బాబూ. కానీ సర్టిఫికెట్టులో మాత్రం అబద్ధం రాయను."

"నేను రాయమననమ్మా," అన్నాడు సోమలింగం, ఒకింత నొచ్చుకుని. "తప్పు ముద్ర నేనూ కొట్టను, ఇంకొకళ్ళ చేతా కొట్టించను. ఉన్నదున్నట్టు రాసెయ్యండి."

ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. "రోగికి గలవి కట్టుడు పళ్ళు. పై సెట్టు, కింది సెట్టు శుభ్రము చేసి మెరుగు పెట్టడమైనది." కింద సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేసింది.

సోమలింగం ఆ కాగితాన్ని ప్రాంతీయ నియంత్రణాధికారి విశ్వంభరరావు గారి బల్ల మీద పెట్టాడు. ఇక దాచేదేముంది, కొండమీదికి పంపితే పంపనీ అనుకున్నాడు. విశ్వంభరరావు గారు కాగితం ఎత్తి, ముద్ర ఉందో లేదో చూశారు. ఉంది. ముద్ర చూడడమే ఆ కార్యాలయం వృత్తిధర్మం. దాని పైన ఏముందో చూడడం ఎవరి జాబ్ చార్టులోనూ లేదు. ఆయన మార్జిన్‌లో "చూడబడినది" అని రాసి, పొడి సంతకం గీకి, కాగితాన్ని ఫైల్లోకి తోసేశారు.

సోమలింగం బయటికొచ్చి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు.

పదిహేను రోజుల్లో పద్దెనిమిది నోళ్ళూ మెరిశాయి. మెరుపుతోపాటు కార్యాలయంలోకి ఒక కొత్త శబ్దం వచ్చింది. పొద్దున్న పదిన్నరకి టీ రాగానే గుమాస్తాల గదిలోంచి "స్స్‌స్" అని, మధ్యాహ్నం కుండలో నీళ్ళు తాగేటప్పుడు రికార్డు రూములోంచి "అమ్మా" అని వినిపించేది. పళ్ళు జివ్వుమంటున్నాయని అందరూ డాక్టరు మీద విరుచుకుపడ్డారు. ఆవిడ నవ్వింది.

"ఏళ్ళ తరబడి పట్టిన గార పోయింది కదండీ. దాని చాటున దాక్కున్న పంటికి ఒక్కసారిగా గాలి తగిలింది, అంతే. నాలుగైదు రోజులు, మహా అయితే వారం. మరీ వేడీ, మరీ చల్లనా వద్దు. జివ్వు తగ్గించే పేస్టు వాడండి."

ఆ మాటని అక్షరం తప్పకుండా పాటించింది ప్రొబేషన్‌లో ఉన్న ఇనస్పెక్టరు హేమలత ఒక్కతే. కోనసీమ పిల్ల, ఇరవయ్యారేళ్ళుంటాయి. అందరికంటే ముందు, సర్క్యులరు వచ్చిన రెండోనాడే పళ్ళు శుభ్రం చేయించుకుంది. వారం రోజులు గోరువెచ్చటి నీళ్ళే తాగింది. ఎనిమిదోనాడు సంత తనిఖీలో సోమలింగం పక్కన నిలబడి పుల్ల ఐసు కొరుక్కు తింది. ఆయనే ఆమెకి పని నేర్పాడు. "ఆవగింజంత తేడా ఉన్నా ముద్ర కొట్టకమ్మా. ఒకసారి కొడితే ఆ చెయ్యి జీవితాంతం అలవాటుపడిపోద్ది" అని మొదటి రోజే చెప్పాడు. ఆ పిల్ల ఆ మాటని నోటుబుక్కులో రాసుకుంది.

అక్కడితో కథ అయిపోవలసింది. కానీ ఇంకో ప్రాంతీయ కార్యాలయంలో నలభై మందికి ఒకే పూటలో సర్టిఫికెట్లు ఇచ్చిన డాక్టరు పశువుల డాక్టరని బయటపడింది. కమిషనరు గారు పళ్ళు పటపట కొరికారట, ఆ కొరకడంలో ఆయనకీ జివ్వుమందట. ఆ జివ్వులోంచే రెండో సర్క్యులరు పుట్టిందని అంటారు.

"శుభ్రము చేయబడిన దంతమునకు జివ్వుమనుట సహజ లక్షణమని పలు ఫిర్యాదుల ద్వారా మండలి దృష్టికి వచ్చినది. కావున జివ్వుమనని దంతము శుభ్రము చేయబడని దంతముగా భావించబడును. ప్రతి కార్యాలయంలోనూ హిమజల పరీక్ష నిర్వహించి, నకిలీ ధ్రువపత్రధారులను గుర్తించవలెను. జివ్వు తగ్గించు పేస్టులు వాడుట సాక్ష్యమును చెరిపివేయుటగా పరిగణించబడును."

పరీక్షనాటికి హేమలత పళ్ళు శుభ్రం చేయించుకుని నెల దాటింది.

విశ్వంభరరావు గారు కొలతల మనిషి. ఆయన ఏ పనినీ ఉజ్జాయింపుగా చేయించరు. హాల్లో బల్ల వేయించారు. బల్ల మీద ముద్ర వేసిన యాభై మిల్లీలీటర్ల కొలత డబ్బా, ప్రయోగశాల థర్మామీటరు, స్టాప్‌వాచీ, మెడ ఎంత వంకర పోయిందో చూడడానికి బడిపిల్లల కోణమానిని పెట్టించారు. ఆ డబ్బాతో అంతకుముందు కిరోసిన్ కొలిచేవారు. కడిగారు కానీ వాసన మాత్రం ఉద్యోగులతో పాటు పరీక్షకి హాజరయింది.

మొదటి పిలుపు హేమలతది. నాలుగు డిగ్రీల చన్నీళ్ళు నోట్లో పోసుకుంది. ఐదు సెకన్లు ఉంచుకుని, హాయిగా మింగి, మూతి తుడుచుకుంది.

"ముఖకవళికలలో ఎట్టి మార్పూ కానరాలేదు," అని విశ్వంభరరావు గారు చెప్పి రాయించారు. "జివ్వు శూన్యం. అనుత్తీర్ణత."

"సార్, తగ్గిపోయిందండి. డాక్టరు గారు వారంలో తగ్గిపోద్దన్నారండి. తగ్గిపోయింది."

"తగ్గిపోవడం అనేది నిబంధనల్లో లేదమ్మా."

"మరి పళ్ళకి తెలియదు కదండీ సార్."

"ఉద్యోగి దంతములు ఉద్యోగి అధీనంలో ఉండవలెను. తర్వాత ఎవరు?"

వరసగా పదహారు మంది తాగారు. నెల రోజుల నాటి జివ్వు ఎవరికి మిగులుతుంది? కొందరు తెలివిగా "అబ్బా" అన్నారు కానీ, నీళ్ళు నోట్లోకి వెళ్ళకముందే అనడంతో దొరికిపోయారు. చివరికి సోమలింగం వంతు వచ్చింది.

ఆయన దృఢంగా అనుకునే వచ్చాడు. నీళ్ళు తాగుతాను, జివ్వుమనదు, ఎందుకు అనలేదని అడుగుతారు, ఫైల్లో ఉంది చదువుకోండి అంటాను, అయిపోతుంది. ఆ ధైర్యంతోనే నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. ఆయన లెక్కలో ఒక్కటే తప్పింది. అంత చల్లటి నీళ్ళు అన్నేసి నోట్లో నిలపడం ఆయనకి అలవాటు లేదు. అంగిట్లోంచి పై సెట్టు పట్టు వదిలింది. పద్దెనిమిది మంది ముందు పళ్ళు బల్ల మీద పడతాయన్న భయంతో సోమలింగం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుడి భుజం ఎత్తాడు, మెడ ఎడమకి విరిచాడు, సెట్టుని మళ్ళీ పైకి లాక్కోవడానికి "స్స్‌స్‌స్" అని గాలి పీల్చాడు. సెట్టు టక్కున అతుక్కుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హాలంతా చప్పట్లు.

"మూడు పాయింట్ రెండు సెకన్లు! మెడ నలభై డిగ్రీలు!" విశ్వంభరరావు గారి గొంతు గద్గదమైంది. "కన్నీళ్ళతో సహా! ఏమి జివ్వండీ అది! స్పష్టత, ఆరోహణ, అవరోహణ..."

"అది కాదండీ సార్..." అని సోమలింగం ఏదో అనబోయాడు. సెట్టు ఇంకా సరిగ్గా కూర్చోలేదు, మాట్లాడితే జారేటట్టుంది. నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన మొదటి తప్పు అదే. మెళ్ళో దండ పడ్డాక నోరు తెరవడం ఇంకా కష్టమైంది, మర్నాటికి మరీ కష్టమైంది. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. ఊరుకోవడం ఇంత తేలికని మాత్రం అప్పుడే తెలిసింది.

మామూలు ఆఫీసైతే పదిహేడు మందికి మెమోలిచ్చి చేతులు దులుపుకునేది. ఇది కొలతల ఆఫీసు. ఏదైనా కొలవాలంటే ముందు ప్రామాణికం ఒకటి ఉండాలి. కిలో రాళ్ళని దేనితో పోలుస్తారు? అద్దాల పెట్టెలో పట్టుగుడ్డ మీద పెట్టిన ఇత్తడి కిలోతో. మరి జివ్వుని దేనితో పోల్చాలి? విశ్వంభరరావు గారు పై ఆఫీసుకి రాశారు, పై ఆఫీసు పొంగిపోయింది. వారం తిరక్కుండా సోమలింగం పేర ఉత్తర్వు వచ్చింది. ఆయన ఇకమీదట సీనియర్ ఇనస్పెక్టరు కాదు, "ప్రాంతీయ ప్రామాణిక జివ్వు". మిగిలినవారి జివ్వు ఆయన జివ్వుకి సమానంగా, అటూ ఇటూ పాయింట్ రెండు సెకన్ల తేడాలో ఉండాలి.

ప్రామాణిక వస్తువులకి నియమాలున్నాయి. కుదపకూడదు, ఎండ తగలకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఆ నియమాలన్నీ సోమలింగానికి వర్తించాయి. ఏసీ గదిలో ఇత్తడి కిలో పక్కన ఆయన కుర్చీ వేశారు. బస్సులో కుదుపులుంటాయని సంత తనిఖీకి పంపడం మానేశారు. ఎవరైనా కరచాలనం చెయ్యాలంటే పట్టుగుడ్డ చుట్టుకుని రావాలి. ప్రతి బుధవారం చన్నీళ్ళు తెచ్చేవారు. ఆయన తాగేవాడు, సెట్టు జారేది, ఆయన లాక్కునేవాడు, వీళ్ళు రాసుకునేవారు. ప్రతిసారీ మూడు పాయింట్ రెండే. ప్లాస్టిక్కుకి అలసట ఏముంటుంది?

తప్పినవాళ్ళకి మాత్రం మళ్ళీ శుభ్రం చేయించుకోవడం తప్పనిసరైంది. డాక్టరు ప్రసూన రెండోసారి చేసింది. మూడోసారి కార్యాలయానికి ఉత్తరం రాసింది. "అక్కర్లేకుండా నెలకోసారి గీకితే పళ్ళకీ చిగుళ్ళకీ చేటు. నేను చెయ్యను." ఆ ఉత్తరం మీద "చూడబడినది" అని రాసి ఫైల్లో పెట్టారు. పై ఆఫీసు వేరే పళ్ళ డాక్టరుతో సహా ఒక వ్యాను పంపింది. అది మంగళవారం వచ్చి గీకేది, బుధవారం పరీక్ష. జివ్వు తాజాగా ఉండగానే కొలవాలని కొత్త ఏర్పాటు.

మెల్లిమెల్లిగా పద్నాలుగు మంది సోమలింగాన్ని చూసి చూసి ఆ భుజం ఎత్తడం, మెడ విరవడం పట్టేశారు. మరో ఇద్దరు దీర్ఘ సెలవులో వెళ్ళిపోయారు. మిగిలింది హేమలత. వ్యాను నాలుగుసార్లు గీకాక ఆమెకి జివ్వు వచ్చింది. మామూలుగా కాదు, ఫ్యాను గాలికి కూడా వచ్చేది. కానీ ఆమె జివ్వు మనిషి జివ్వు. చెయ్యి చెంప మీద పెట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు చిట్లించి ఊరుకునేది. ఒకటి పాయింట్ ఒకటి సెకన్లు, మెడ వంకర లేదు. ప్రతి బుధవారం అనుత్తీర్ణత. శుక్రవారంతో ఆమె ప్రొబేషన్ ముగుస్తుంది. ఆ రోజు సంయుక్త కమిషనరు గారు స్వయంగా వచ్చి ప్రామాణికాన్ని తనిఖీ చేసి, ఆమెకి చివరి పరీక్ష పెడతారని, తప్పితే ఉద్యోగం ఉండదని మెమో వచ్చింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఏసీ గదిలోకి వచ్చింది. ఏసీ గాలి తగలగానే చెంపకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"సార్, నాకు మీ జివ్వు నేర్పండి."

"అదేంటమ్మా, నీకు నొప్పి లేదా?"

"ఉందండి. రాత్రులు పెరుగన్నం కూడా తినలేకపోతున్నానండి. కానీ నాది సరైంది కాదు కదండీ. మీది సరైంది." ఆమె నోటుబుక్కు తెరిచింది. "ముందు భుజం ఎత్తాలా సార్, మెడ తిప్పాలా?"

సోమలింగం నోటుబుక్కు వంక చూశాడు. ఆ పేజీకి ఎదురు పేజీలోనే, ఆవగింజంత తేడా ఉన్నా ముద్ర కొట్టొద్దన్న తన మాట ఉంది. ఒక నిజమైన నొప్పి తన దొంగ నొప్పి ముందుకి వచ్చి, నేను తప్పు, నన్ను దిద్దండి అంటోంది. పదకొండేళ్ళలో ఏనాడూ ఆయనకి తన నోరు అంత రోతగా అనిపించలేదు.

"రేపు చెప్తానమ్మా," అన్నాడు.

ఇంటికి వెళ్ళి కనకరత్నంతో అంతా చెప్పాడు. ఆవిడ బీరకాయ తొక్కు తీస్తూ విన్నది.

"ముప్పై రెండేళ్ళు దొంగ రాళ్ళు పట్టుకున్నారు," అంది చివరికి. "ఇప్పుడు మిమ్మల్నే పళ్ళెంలో పెట్టి ఆ పిల్లని తూస్తన్నారు."

"కొండమీదికి పంపేస్తారే."

"పంపితే వెళ్దాం. అక్కడ బీరకాయలు దొరకవా ఏంటి?"

శుక్రవారం పదకొండింటికి సంయుక్త కమిషనరు గారు వచ్చారు. దండలయ్యాయి. విశ్వంభరరావు గారు మూడు పేజీల స్వాగతం చదివారు. బల్ల మీద చన్నీళ్ళు, స్టాప్‌వాచీ, కోణమానిని, అన్నీ సిద్ధం. ఒక పక్క హేమలత పెదవులు బిగించి నిలబడి ఉంది.

"ముందుగా ప్రామాణికాన్ని పరిశీలిద్దాం," అన్నారు సంయుక్త కమిషనరు గారు.

సోమలింగం లేచాడు. నీళ్ళ డబ్బా ముట్టుకోలేదు. జేబులోంచి తన పాత ఉలీ సుత్తీ తీసి బల్ల మీద పెట్టాడు. నోట్లో వేళ్ళు పెట్టి, పై సెట్టూ కింది సెట్టూ బయటికి తీసి, రుమాలుతో తుడిచి, పక్కనే ఉన్న ఆఫీసు కాటా పళ్ళెంలో పెట్టాడు. హాల్లో ఎవరికో పొలమారింది. ఆయన పై సెట్టు తిప్పి, ఎర్రటి అంగిటి భాగం మీద ఉలి ఆనించి నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇంటూ గుర్తు పడింది.

"ఇది దొంగ రాయండి," అన్నాడు. పళ్ళు లేక మాట సగం గాలిగా వచ్చింది, అయినా అందరికీ అర్థమైంది. "నాకు జివ్వు లేదు. ఉన్న పళ్ళకే జివ్వు. ఆ పిల్లది అసలు నొప్పి. దాన్ని దీనితో తూచకండి. నేను మొదటిరోజే కాగితం ఇచ్చాను, ఫైల్లో ఉంది, చదువుకోండి."

విశ్వంభరరావు గారి మొహం పాలిపోయింది. సంయుక్త కమిషనరు గారు మాత్రం చలించలేదు. ఫైలు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి కాగితం చదివారు. ఆ కార్యాలయంలో ఒక ముద్ర పైన ఉన్న వాక్యాన్ని ఎవరైనా చదవడం అదే మొదటిసారి.

"కట్టుడు పళ్ళు అని స్పష్టంగా ఉందే," అన్నారాయన. "పక్కన 'చూడబడినది' అనీ ఉంది. అంటే మండలి చూసింది. చూసిన మీదటే ప్రామాణికంగా ఎంచుకుంది. పొరపాటు ఎక్కడ జరిగినట్టు?"

"ఎక్కడా జరగలేదు సార్," అన్నారు విశ్వంభరరావు గారు, ప్రాణం లేచొచ్చి.

"అరుగుదల లేదు, తరుగుదల లేదు. ప్రతి వారం మూడు పాయింట్ రెండు. ఇంతకంటే ఉత్తమ ప్రామాణికం ఏ నోట్లో దొరుకుతుంది? ఈయన దీనికి ఒక స్టాండు మాత్రమే. రాసుకోండి. ప్రామాణికం సెట్టు, సోమలింగం కాదు."

"మరి ఆ ఇంటూ గుర్తు సార్?" అన్నారు విశ్వంభరరావు గారు.

"గుర్తింపు చిహ్నం."

సోమలింగం సెట్టు కోసం చెయ్యి చాపాడు. విశ్వంభరరావు గారు పళ్ళెం పక్కకి జరిపారు.

సంయుక్త కమిషనరు గారు హేమలత వైపు తిరిగారు. "ఈ అమ్మాయివి సొంత పళ్ళా?"

"అవునండి," అంది హేమలత, చెంప పట్టుకుని.

"కట్టుడు పళ్ళ ప్రామాణికంతో సొంత పళ్ళను పోల్చుట కొలతల శాస్త్రానికే విరుద్ధం. ఈమె పరీక్ష పరిధిలోకి రాదు. ప్రొబేషన్ ఖరారు చేయండి."

అలా హేమలత ఉద్యోగం నిలబడింది. న్యాయం జరిగిందని కాదు, పరిధిలోకి రాదు గనక. ఆ లెక్కన మండలి మొత్తంలో సొంత పళ్ళున్నవాళ్ళెవరూ పరిధిలోకి రారు. అయినా పరీక్ష రద్దు కాలేదు. నేటికీ ప్రతి బుధవారం నాలుగు డిగ్రీల నీళ్ళు తెస్తారు, స్టాప్‌వాచీ తుడుస్తారు, రిజిస్టరులో "నిల్" అని రాసి నీళ్ళు పారబోస్తారు. వ్యాను మాత్రం రావడం మానేసింది. హేమలత మళ్ళీ ప్రసూన చెప్పిన పేస్టు వాడి, మూడు వారాలకి పెరుగన్నం దగ్గరికొచ్చింది.

పళ్ళ సెట్టుని అద్దాల పెట్టెలో, పట్టుగుడ్డ మీద, ఇత్తడి కిలో పక్కన పెట్టి తాళం వేశారు. భోజనం వేళకైనా ఇప్పించమని సోమలింగం దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్రామాణిక వస్తువును రెండేళ్ళకోసారి, అదీ తనిఖీ నిమిత్తం మాత్రమే కదపవచ్చునని జవాబు వచ్చింది. పోనీ కొత్త సెట్టు కట్టించుకుందామంటే, ప్రామాణికానికి నకలు తయారుచేయుట నేరమని ఇంకో జవాబు వచ్చింది. కనకరత్నం ఆయనకి మెత్తగా పప్పన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టింది. బీరకాయ కూర అయితే నమలక్కర్లేదని వారానికి నాలుగుసార్లు అదే చేసింది.

ప్రామాణికం కాదు గనక ఆయన్ని మళ్ళీ సంతకి పంపారు. మొదటి రోజు ఉల్లిపాయలమ్మే వరహాలు ఆయన బోసినోరు చూసి పగలబడి నవ్వాడు. పదకొండేళ్ళుగా సోమలింగం భయపడుతున్న నవ్వు అదే. తీరా వచ్చాక అది పెద్ద నవ్వేమీ కాదు. ఆయన కూడా నవ్వాడు, చిగుళ్ళన్నీ కనపడేలా, మెడ వంచకుండా, భుజం ఎత్తకుండా. నవ్వుతూనే కాటా ఎత్తి, దాని అడుగున ఉన్న చింతపండు ముద్ద పీకి, వరహాలు చేతిలో పెట్టాడు. వరహాలు నవ్వు ఆగిపోయింది. పక్కన హేమలత ఇంటూ గుర్తు కొట్టింది.

నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. "చిరునవ్వు మహోద్యమం అమలులో ఉండగా, సదరు ఇనస్పెక్టరు బహిరంగ సంతలో దంతరహితముగా నవ్వినట్లు మండలి దృష్టికి వచ్చినది. మూడు దినములలో సంజాయిషీ దాఖలు చేయవలెను."

సోమలింగం ఆ పూటే సంజాయిషీ రాశాడు. హేమలత ఫెయిరు చేసి, కింద ఆఫీసు ముద్ర కొట్టింది.

"అయ్యా, తమ మెమోకు జవాబుగా తెలియజేసుకోవడమేమనగా, నా పళ్ళు తమ అద్దాల పెట్టెలో భద్రముగా ఉన్నవి. నవ్వు మాత్రము నా దగ్గరే ఉన్నది. అది కూడా కావలసిన యెడల, వచ్చి పట్టుకెళ్ళ ప్రార్థన."

విశ్వంభరరావు గారు కాగితం అందుకున్నారు. కింద ముద్ర ఉందో లేదో చూశారు. ఉంది. మార్జిన్‌లో "చూడబడినది" అని రాసి ఫైల్లో పెట్టించారు.